బొగ్గు గని, ఊరి బావి, నా రిజిస్టరులో ఒక గడి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచిక కోసం రాసి ఇచ్చినది.)



కార్యదర్శిగారు నన్ను ఓ పావుగంట మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల మీదో, ఆరోగ్య కార్డుల మీదో మాట్లాడతానని అనుకొని ఉంటారు. ఆ సంగతులు నాకన్నా బాగా తెలిసినవారు ఈ హాల్లో ప్రతి వరుసలోనూ ఉన్నారు. నేను బావుల గురించి మాట్లాడతాను. బొగ్గు గనుల చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో నీరు ఎంత లోతున ఉంది, ఎట్లా ఉంది అని కొలిచి రాసే పని గురించి మాట్లాడతాను. నేను ఇంజనీరును కాను, భూగర్భ శాస్త్రవేత్తనూ కాను. గుమస్తాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సూపరింటెండెంటుగా దిగిపోయాను. మధ్యలో చాలా ఏళ్లు ఒక ఆఫీసులో బావుల రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. ఆ ఆఫీసు పేరు గాని, ఊళ్ల పేర్లు గాని చెప్పను. ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముందు నేల సంగతి. మన గోదావరి, ప్రాణహిత లోయలో బొగ్గు ఉందని 1871లో భారత భూగర్భ పరిశీలన సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర కనిపెట్టారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. దగ్గరలోని సింగరేణి అనే ఊరి పేరే 1920లో కంపెనీకి పేరయింది. పాత ఆదిలాబాదు, కరీంనగరు, వరంగల్లు, ఖమ్మం జిల్లాల్లో పరుచుకున్న ఆ బొగ్గు పట్టీ, 2016లో జిల్లాలు విభజించాక ఆసిఫాబాదు, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల కిందికి వచ్చింది. 2023-24లో ఈ గనుల నుంచి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. మన ఇళ్లలో వెలిగే దీపం వెనక ఆ బొగ్గు ఉంది. మనలో ఎంతోమంది పిల్లలకు అన్నం పెట్టింది కూడా ఆ గనులే. కాబట్టి నేను గనికి శత్రువుగా మాట్లాడడం లేదు. లెక్క తెలిసినవాడిగా మాట్లాడుతున్నాను.

ఇక్కడ బొగ్గు పొరలు ఇసుకరాతి పొరల మధ్య ఉంటాయి. ఇసుకరాయి చూడడానికి గట్టిగా ఉంటుంది గాని, దాని రేణువుల సందుల్లో నీరు నిలుస్తుంది. అంటే బొగ్గు ఉన్నచోటే నీరూ ఉంటుంది. బొగ్గు తీయాలంటే నీటిని తోడి పారేయక తప్పదు. ఓపెన్‌కాస్టు గని అంటే పెద్ద బావి అనుకోండి. మన ఊళ్లో ఒకాయన పక్క పొలంలో లోతుగా బావి తవ్వి రాత్రింబగళ్లు మోటారు పెడితే, ఇటు పక్క బావి ఏమవుతుంది? నీరు పల్లమెరుగును. చుట్టుపక్కల భూమిలోని నీరు ఆ గొయ్యి వైపు వాలుతుంది. గనికి దగ్గర ఉన్న బావిలో ఎక్కువ తగ్గుతుంది, దూరం పోయేకొద్దీ తక్కువ తగ్గుతుంది. ఎంత దూరం వరకు ఈ ప్రభావం అన్నది ఆ రాయిని బట్టి, తోడే నీటిని బట్టి, కురిసిన వానను బట్టి ఉంటుంది. భూగర్భ గనుల్లో మరో రకం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలనిస్తే పైన నేల కుంగవచ్చు, రాళ్లలో పగుళ్లు రావచ్చు. పగులు పడిన కుండలో నీరు నిలవదని మనకెవరూ చెప్పనక్కరలేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. గని తోడిన నీరంతా వృథా పోదు. కొన్నిచోట్ల దాన్ని చెరువుల్లోకి వదులుతారు, పొలాలకు పారిస్తారు. ఆ నీటివల్ల నిండిన కుంటల పక్కన బావుల్లో మట్టం పెరగడం కూడా చూశాను. అందుకే ఊహ పనికిరాదు, కొలత కావాలి అంటున్నాను.

ఇక నీటి గుణం. బొగ్గులోనూ, దాని పక్క రాళ్లలోనూ గంధకం, ఇనుము కలిసిన పైరైటు అనే ఖనిజం ఉంటుంది. నేలలో మునిగి ఉన్నంతకాలం అది నిద్రపోతుంది. తవ్వి గాలికి, నీటికి అందిస్తే అందులోంచి గంధకికామ్లం పుడుతుంది. మేఘాలయ బొగ్గులో గంధకం ఎక్కువ. అక్కడి కొన్ని నదుల్లో నీరు ఆమ్లంగా మారి చేపలు చచ్చిపోయాయి. లూఖా అనే నది చలికాలంలో నీలంగా మారేది. 2014లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్కడి ఎలుక బొరియల వంటి గనుల తవ్వకాన్ని నిషేధించింది. మన గోదావరి బొగ్గులో గంధకం తక్కువ. పైగా పుట్టిన కొద్ది ఆమ్లాన్ని రాళ్లలోని సున్నం విరిచేస్తుంది. అందువల్ల మన దగ్గర నీరు పుల్లబడడం అరుదు. కాని ఆమ్లం విరిగినంత మాత్రాన కథ అయిపోదు. నీటిలో సల్ఫేటు మిగులుతుంది, గట్టిదనం పెరుగుతుంది. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కడవ అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆఫీసరు బదిలీ అయి వెళ్లిపోయినా ఫైల్లో ఆయన సంతకం మిగిలినట్టు, ఆమ్లం పోయినా సల్ఫేటు మిగులుతుంది. గని దగ్గరి బావి పరీక్షలో నేను ముందు ఆ గడి చూసేవాణ్ణి.

తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ 10500 నంబరుతో ఒక ప్రమాణం పెట్టింది. 1983లో వచ్చింది, 1991లోను, 2012లోను సవరించారు. దాని ప్రకారం లీటరు నీటిలో కరిగిన లవణాలు మొత్తం 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. గట్టిదనం 200, గత్యంతరం లేకపోతే 600. సల్ఫేటు 200, లేదా 400. ఫ్లోరైడు 1, లేదా 1.5. నైట్రేటు 45, దానికి మాత్రం సడలింపు లేదు. ఈ అంకెలు ఒక చీటీ మీద రాసి బీరువా తలుపుకు అంటించుకోండి. మన బి.పి., సుగరు అంకెలు గుర్తుపెట్టుకోవడం లేదా? అట్లాగే ఇవీను.

అయితే ఒక అంకె ఎక్కువ వచ్చిందని వెంటనే గని మీదికి పోకూడదు. నైట్రేటు గనుల్లో వాడే పేలుడు మందునుంచి రావచ్చు. మన పెంటకుప్పల నుంచి, మరుగుదొడ్ల గుంతల నుంచి, యూరియా నుంచి కూడా రావచ్చు. ఫ్లోరైడు చాలాచోట్ల రాతి స్వభావం. నల్గొండ జిల్లాలో బొగ్గు గనులు లేవు, కాని ఫ్లోరైడు బాధ దేశమంతా తెలిసినదే. మరి ఎవరి వాటా ఎంత అని తేల్చడం ఎట్లా? దానికి మూడు సంగతులు కావాలి. గని తవ్వకముందు ఆ బావి అంకె ఏమిటి? గనికి దూరంగా, అదే రాతిలో, అదే వాన కురిసిన మరో బావి అంకె ఏమిటి? తవ్వకం మొదలైన తరువాత ఏటేటా అదే నెలలో, అదే బావిలో అంకె ఎట్లా నడిచింది? గనిని తప్పు పట్టాలన్నా ఈ మూడూ కావాలి. గని తప్పు లేదని చెప్పాలన్నా ఈ మూడే కావాలి.

దేశంలో బావుల మట్టాలను వరుసగా కొలిచే పద్ధతి 1969 నుంచి ఉంది. ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తారు. జనవరి, ఎండలు ముదిరిన మే, వానలు పడుతుండగా ఆగస్టు, వానలు వెళ్లాక నవంబరు. మనం ఏడాదికి ఒకసారి బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇస్తాం. బావి నాలుగుసార్లు ఇవ్వాలి. తేడా ఒక్కటే. మన తరఫున మనం వెళ్లి వేలిముద్ర వేస్తాం. బావి నడిచి రాలేదు, ఎవరో ఒకరు దాని దగ్గరికి పోవాలి.

ఇప్పుడు నా కథకు వస్తాను.

1989 మే నెల. మా ఆఫీసు పరిధిలో ఆ మూడు నెలలకు 41 బావుల లెక్క పైకి పంపాలి. పరిశీలకుడికి జ్వరం వచ్చి పదిరోజులు మంచం పట్టాడు. జీపు షెడ్డులో ఉంది. 38 బావులు ఎట్లాగో అయ్యాయి. మూడు మిగిలాయి. గడువు దగ్గరపడింది. ఖాళీ గడితో నివేదిక పోతే పైనుంచి మెమో వస్తుంది. నిండిన నివేదిక పోతే ఎవరూ ఏమీ అడగరు. ఇది మనందరికీ తెలిసిన సంగతే. నాకు ఎవరూ చెప్పలేదు. ఆఫీసరుగారు ఆదేశించలేదు. నేనే, నా చేత్తోనే, ఆ మూడు బావులకు 1988 మే అంకెలు చూసి దించేశాను. ఒక బావికి 9.40 మీటర్లు అని రాశాను. రాసేటప్పుడు చేయి వణకలేదు. టీ తాగుతూ రాశానని కూడా గుర్తుంది.

ఆ బావి ఉన్న ఊరికి దగ్గరలో ఆ ఏడాది మొదట్లోనే ఒక కొత్త గనిలో నీరు తోడడం మొదలైంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ రాశాను. అంకెకు, ఊరికి సంబంధం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు. గడికీ, గడువుకీ ఉన్న సంబంధమే తట్టింది.

మూడేళ్లు గడిచాయి. 1992లో ఆ ఊరివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. బావి ఎండిపోతోంది, గని వచ్చినప్పటి నుంచే ఇట్లా అయింది, మాకు నీరు చూపించండి అని. విచారణకు ఒక అధికారి వచ్చారు. రిజిస్టరు పట్టుకొని నేను వెంట వెళ్లాను. బడి ముందు వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. అధికారిగారు మంచివారే, ఓపికగా అందరి మాటా విన్నారు. గని తోడడం మొదలైన మొదటి ఎండాకాలం బావి ఎట్లా ఉందో చూడమన్నారు. నేను పేజీ తీసి చూపించాను. 1988 మే 9.40. 1989 మే 9.40. ఆయన పైకి చదివి, “మొదటి ఎండాకాలం వేలెడు తేడా కూడా రాలేదే, తరువాత తగ్గిందంటే వానలు తక్కువయి ఉండవచ్చు, పొలాల్లో బోర్లు పెరిగి ఉండవచ్చు” అన్నారు. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి చూస్తే ఆయన అన్నది తప్పు కాదు.

అప్పుడు జనంలోంచి ఒక ముసలమ్మ లేచింది. నన్నే చూస్తూ అన్నది. “ఆ ఎండకాలం చేద ఏస్తే అడుగు రాయికి తగిలి టంగుమన్నది బిడ్డా. మీ కాయితంల నీళ్లున్నయంటున్రు. మరి ఆ నీళ్లు యాడున్నయో జర సూపియ్యి, చేదుకపోత.”

కొందరు నవ్వారు. అధికారిగారు కూడా చిన్నగా నవ్వారు. నేను రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాను.

ఆ ఫైలు మూతపడింది. ఊరికి తరువాత వేరే పథకంలో ఒక చేతి పంపు వచ్చింది, అది వేరే సంగతి. ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అంతా విని, “రాసింది మీరే అయితే కొట్టేయాల్సిందీ మీరే కదండీ” అన్నది. కొట్టేయలేదు. పెద్దమ్మాయి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. సస్పెన్షను అంటే ఏమిటో ఈ హాల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కరలేదు. భయపడ్డాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ డెబ్బయి ఆరో ఏట, పెన్షను తప్ప పోయేదేమీ లేని వయసులో మీ ముందు చెబుతున్నాను. ఇందులో ధైర్యమేమీ లేదు.

మీలో ఎవరైనా అడగవచ్చు, నిజం అంకె రాసి ఉంటే ఆ ఊరికి న్యాయం జరిగేదా అని. నేను ఇన్నేళ్లుగా నన్ను అడుగుకుంటున్న ప్రశ్న అదే. గని వల్లనే తగ్గిందో, వానల వల్లనే తగ్గిందో నేను చెప్పలేను. ఆ మే నెలలో ఆ బావి లోతు ఎంతో ఈ లోకంలో ఎవరూ చెప్పలేరు. తరువాత ఎంత గొప్ప యంత్రం వచ్చినా ఆ రోజు మట్టాన్ని వెనక్కి వెళ్లి కొలవలేదు. ముసలమ్మ మాట నిజమే అయినా, దాని పక్కన నిలబడడానికి ఒక అంకె లేకుండా చేశాను. గని వైపు తప్పు లేకపోయినా, అది లేదని తేల్చే దారి కూడా మూసేశాను. గడి ఖాళీగా ఉండి ఉంటే ఆ అధికారి ఆగి ఆలోచించేవారు, ఊరివాళ్లను మరింత వినేవారు. నిండిన గడి ఆయన నోరు కట్టేసింది.

ఆ తరువాత నేను మారానని గొప్పగా చెప్పను. ఒక్క పని మాత్రం చేశాను. కొలవని బావికి ఎర్ర సిరాతో “కొలవలేదు, వాహనం లేదు” అనో, “కొలవలేదు, బావి మూసి ఉంది” అనో రాసి పంపేవాణ్ణి. మెమో వచ్చింది. సమాధానం రాశాను. ఇంకో మెమో వచ్చింది. మళ్లీ రాశాను. మూడోసారి రాలేదు.

ఇప్పుడు పద్ధతులు చాలా మారాయి. బావుల బదులు పీజోమీటర్లని సన్నటి గొట్టపు బావులు వేస్తున్నారు. మట్టాన్ని తామే రాసుకొని పంపే యంత్రాలు అందులో దించుతున్నారు. గనులకు ఇచ్చే పర్యావరణ అనుమతి పత్రాల్లో, చుట్టుపక్కల బావుల, పీజోమీటర్ల మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలవాలని, నీటి గుణాన్ని మే నెలలో పరీక్షించాలని షరతులు రాస్తున్నారు. 2006 నాటి నోటిఫికేషను ప్రకారం ఈ షరతులు ఎంతవరకు పాటించారో ఆరునెలలకోసారి, జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదిక ప్రజల పత్రం. ఎవరైనా చూడవచ్చు, అడిగి నకలు తీసుకోవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది.

అంకెలతో జీవితం గడిపినవాళ్లం మనం. ఆ నివేదిక చదవడానికి మనకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? నేను చూసే పద్ధతి చెబుతాను. మొదటిది, కిందటేడు ఉన్న బావే ఈ ఏడూ ఉందా, లేక పేరు మారిందా? నీరున్న బావిని చేర్చి, ఎండిన బావిని వదిలేస్తే సగటు బాగానే కనబడుతుంది. రెండవది, తేదీ ఉందా? మే మొదటి వారంలో కొలిచినదీ, జూన్‌లో తొలకరి పడ్డాక కొలిచినదీ ఒకటి కావు. మూడవది, ఒకే అంకె రెండేళ్లు వరుసగా, పాయింటు తరువాత అంకెతో సహా, మారకుండా వచ్చిందా? ప్రకృతి అంత ఒద్దికగా ఉండదు. ఆ పని చేసినవాణ్ణి గనుక నాకు తెలుసు.

నీటి పరీక్షకు కూడా మన డెబిటు, క్రెడిటు వంటి లెక్క ఒకటి ఉంది. మా ఆఫీసులో ఒక కెమిస్టుగారు నాకు నేర్పారు. నీటిలో క్యాల్షియం, మెగ్నీషియం, సోడియం ఒక పక్క. బైకార్బనేటు, క్లోరైడు, సల్ఫేటు రెండో పక్క. మిల్లీగ్రాములను ఒక్కొక్కదానికి దాని అంకెతో భాగించాలి. క్యాల్షియానికి 20, మెగ్నీషియానికి 12.2, సోడియానికి 23, బైకార్బనేటుకు 61, క్లోరైడుకు 35.5, సల్ఫేటుకు 48. భాగించి కూడితే రెండు పక్కలూ దాదాపు సమానంగా రావాలి. కొద్ది తేడా ఉంటే ఫరవాలేదు. బాగా తేడా వస్తే పరీక్షలో పొరపాటు జరిగి ఉండాలి, లేదా ఏదో ఒక లవణాన్ని లెక్కలోకి తీసుకోలేదని అర్థం. ట్రెజరీలో పనిచేసిన మిత్రులకు ఇది పది నిమిషాల పని. లెక్క కుదిరిందంటే అంతా నిజమని కాదు గాని, కుదరని కాగితాన్ని మాత్రం నమ్మవద్దు.

ఇక మన చేతుల్లో ఉన్న పని. మన సంఘ సభ్యులు గని పక్క ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. 2016లో మిషన్ భగీరథ మొదలై కుళాయి నీరు వచ్చాక ఊరి బావుల వైపు చూసేవారు లేరు. కొన్నిటిని పూడ్చారు, కొన్నిటిలో చెత్త పోస్తున్నారు. తాగకపోయినా సరే, ఆ బావి మన నేల కింది నీటికి కిటికీ. ఒక్కొక్కరు ఒక్కొక్క బావిని దత్తత తీసుకోమని అడుగుతున్నాను.

కొలవడం తేలిక. ఇనుప టేపు ఒకటి కొనండి. చివరి మీటరుకు సుద్దముక్క రుద్దండి. తెల్లవారుజామున, మోటార్లు పెట్టకముందు బావి దగ్గరికి పోండి. ఒంటరిగా పోవద్దు, మనవణ్ణి తోడు తీసుకొని పోండి. పిట్టగోడ మీద ఒకచోట రంగు గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే టేపు దించండి. గుర్తు దగ్గర 12 మీటర్లు చూపిందనుకోండి, పైకి తీస్తే సుద్ద 65 సెంటీమీటర్లు తడిసిందనుకోండి. తీసివేస్తే 11.35. గోడ ఎత్తు 80 సెంటీమీటర్లయితే అదీ తీసేయండి. నేలనుంచి నీరు 10.55 మీటర్ల లోతున ఉన్నట్టు. ఎవరైనా పిట్టగోడను ఎత్తు పెంచి కట్టారా, ఆ తేదీ కూడా రాసుకోండి. లేకపోతే ఒక్క వరుస ఇటుకలతో బావి లోతు పెరిగినట్టు కనబడుతుంది.

నీరు పరీక్షకు పంపాలంటే సీసాను ఆ నీటితోనే మూడుసార్లు కడిగి పట్టండి. బోరయితే కొన్ని నిమిషాలు నీరు వదిలేసి, తరువాత పట్టండి. గొట్టంలో నిలిచిన నీరు కాక నేలలోని నీరు రావాలి. సీసా మీద బావి గుర్తు, తేదీ, వేళ రాయండి. క్రిముల పరీక్షకు మాత్రం లాబొరేటరీవాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాయే వాడాలి, దాన్ని కడగకూడదు, చల్లగా ఉంచి అదే రోజు అందించాలి. బజారులో కొన్ని వందల రూపాయలకు దొరికే టి.డి.ఎస్. పెన్ను మంచిదే, కాని అది మొత్తం లవణాల అంచనా మాత్రమే చెబుతుంది. ఫ్లోరైడు చెప్పదు, క్రిములు చెప్పదు. అందులో అంకె తక్కువ వచ్చిందని మనవలకు ఆ నీరు తాగించకండి.

జనవరి, మే, ఆగస్టు, నవంబరు. నాలుగు అంకెలు, నాలుగు తేదీలు. ఆ నెల ఒంట్లో బాగాలేక పోలేకపోయారా, “కొలవలేదు” అని రాయండి. దయచేసి పాత అంకె దించవద్దు. పదేళ్లకు నలభై వరుసలవుతాయి. నోటుపుస్తకంలో రెండు పేజీలు నిండవు. కాని రేపు ఎప్పుడైనా ఊరు అర్జీ పెట్టుకున్నా, గనివాళ్లు తమ వైపు చెప్పుకున్నా, మధ్యన పెట్టి చూసుకోవడానికి ఆ రెండు పేజీలే ఆధారమవుతాయి.

నేను రిటైరైన దగ్గరనుంచి మా ఇంటి దగ్గర ఒక బావి కొలుస్తున్నాను. ఇప్పుడు వంగలేను, మనవడు టేపు పడతాడు, నేను రాస్తాను. మొన్న వాడొక మాట అడిగాడు. “తాతా, కిందటిసారి ఎంత వచ్చిందో చూసి చెప్పు, అంతే ఉంటుందేమో” అన్నాడు. కిందటి అంకె చూడకు, ముందు కొలువు, తరువాత చూద్దాం అన్నాను. ఎందుకని వాడు అడగలేదు. ఈ సంచిక చదివితే వాడికి తెలుస్తుంది.

ఆ ఊరికి 2019లో ఒకసారి వెళ్లాను. ముసలమ్మ పోయి చాలాకాలమైందన్నారు. బావి మీద రాతి పలకలు పరిచి ఉన్నాయి. ఆమె ఇంటివాళ్లకు చెబుదామనే వెళ్లాను. మనవరాలు మంచినీళ్లిచ్చింది, కుళాయి నీళ్లు. తాగాను, కూర్చున్నాను, చెప్పలేక వచ్చేశాను. ఇవాళ మీకు చెప్పాను. ఈ సంచిక ఒక ప్రతి ఆ ఇంటికి నేనే తీసుకొని పోయి ఇస్తాను.